010 జీతాల పద్దులో కనపడని జిల్లా: అర్థ గణాంక శాఖకు ఒక బహిరంగ లేఖ

తెలంగాణ అర్థ గణాంక శాఖ డైరెక్టర్ గారికి, ఇది మీ ఒక్కరి చేతిలో ఉన్న పని కాదు కాబట్టి ఆర్థిక శాఖలో ట్రెజరీలు చూసే పెద్దలకు కూడా, నమస్కారం.

నేరుగా విషయానికి వస్తాను. ప్రతి జిల్లాలో ప్రభుత్వ సొమ్ముతో జీతం తీసుకుంటున్నవాళ్ళు ఎంతమంది, అందులో రెగ్యులర్ ఎంత, కాంట్రాక్ట్ ఎంత, ఔట్‌సోర్సింగ్ ఎంత, సింగరేణి లాంటి ప్రభుత్వ సంస్థల్లో ఎంత, ఈ లెక్క నెలనెలా, కుదరకపోతే మూడు నెలలకోసారి, మండలం దాకా విడదీసి బయటపెట్టండి. ఉద్యోగాలు వేయమని అడిగే ఉత్తరాలు మీ పైవాళ్ళకు రోజూ వస్తూనే ఉంటాయి, ఇది ఆ ఉత్తరం కాదు. ఉన్నవాళ్ళను లెక్కపెట్టి చూపించమంటున్నాను, అంతే.

మాది మంచిర్యాల జిల్లా. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఉద్యోగం వంద రకాల ఉద్యోగాల్లో ఒకటి, వేలమంది ఒకేసారి రిటైరైనా నగరానికి తెలియదు. ఇక్కడ అట్లా కాదు. బట్టల షాపు, చిట్టీలు, ప్లాట్ల వ్యాపారం, ప్రైవేటు స్కూలు, చివరికి ఫంక్షన్ హాలు దాకా తిప్పి తిప్పి చూస్తే అన్నీ ఒకటో తారీఖు జీతం దగ్గరికే వచ్చి ఆగుతాయి. మా వీధి చివర కిరాణా షాపాయన ఖాతా పుస్తకం తిరగేస్తే పేర్ల పక్కన ఇంటి నంబర్లు ఉండవు. 'టీచర్ సార్', 'గని, సెకండ్ షిఫ్ట్', 'అంగన్‌వాడీ', 'మున్సిపాలిటీ ఔట్‌సోర్సింగ్' అని ఉంటుంది. ఎవరికి ఎంతదాకా ఉద్దెర పెట్టొచ్చో ఆ ఒక్క మాటను బట్టే ఆయన తేల్చుకుంటాడు. టీచర్ సారుకు పది వేలు దాటినా నోరెత్తడు, ఔట్‌సోర్సింగ్ అమ్మాయి ఖాతా రెండు వేల దగ్గర ఆపేస్తాడు, ఎందుకంటే ఆమెకు జీతం ఒక్కోసారి మూడు నెలలవి కలిపి పడుతుందని ఆయనకు తెలుసు. మీ శాఖ ప్రచురించని విభజన అంతా ఆ నోట్‌బుక్కులో ఉంది సార్.

ప్రభుత్వ ఉద్యోగుల సంఖ్య పెరిగితే జిల్లా బాగుపడ్డట్టు, తగ్గితే చెడ్డట్టు అని నేననడం లేదు. ఒక జిల్లాలో నెల జీతగాళ్ళలో సగానికి పైగా సర్కారు మీదే ఉన్నారంటే అది గొప్ప సంగతి కాకపోవచ్చు, ప్రైవేటు రంగం అక్కడ కాలు పెట్టలేదని కూడా అర్థం. కానీ ఆ సగం తెలిస్తేనే కదా మిగతాది మాట్లాడేది.

లెక్క లేకపోతే ఏమవుతుందో చూడాలంటే మా జిల్లాలోనే ఉన్న బెల్లంపల్లి రండి. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా, అంటే అచ్చంగా ప్రభుత్వ సంస్థే. 1990ల మొదట్లో ఆ కంపెనీలో దాదాపు 1 లక్షా 16 వేల మంది పనిచేసేవాళ్ళు. ఇప్పుడు పర్మనెంట్ కార్మికులు 40 వేలకు అటూ ఇటూ. భూగర్భ గనులు మూతపడ్డాయి, ఓపెన్‌కాస్ట్‌లు వచ్చాయి, యంత్రాలు వచ్చాయి, వీఆర్‌ఎస్‌లు వచ్చాయి. బొగ్గు మాత్రం తగ్గలేదు, అప్పటికంటే ఇప్పుడే ఎక్కువ తీస్తున్నారు. కాబట్టి ఉత్పత్తి లెక్క చూస్తే కోల్‌బెల్ట్ పచ్చగా కనపడుతుంది, జిల్లా స్థూల ఉత్పత్తిలో గనుల రంగం దిట్టంగా నిలబడుతుంది. బెల్లంపల్లి కాంటా చౌరస్తాలో నిలబడి చూస్తే మాత్రం వేరే బొమ్మ. ఒకప్పుడు షిఫ్ట్ దిగేవేళకు కిక్కిరిసిన బజారు, ఇప్పుడు సాయంత్రం ఏడింటికే షట్టర్లు సగం దించుకుంటుంది. ఒక ఊరు ఇంత నెమ్మదిగా, ఇంతకాలం పాటు ఖాళీ అవుతుంటే ఒక్క ప్రభుత్వ పట్టికలోనూ అది కనపడలేదంటే తప్పు ఊరిది కాదు కదా.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. సింగరేణి తన మనుషుల లెక్కను ఏరియాల వారీగా ఉంచుకుంటుంది: శ్రీరాంపూర్ ఏరియా, మందమర్రి ఏరియా, బెల్లంపల్లి ఏరియా అని. పేరు చూసి బెల్లంపల్లి ఏరియా అంటే బెల్లంపల్లి పట్టణం అనుకుంటే దెబ్బతింటారు. ఆ ఏరియా జనరల్ మేనేజర్ ఆఫీసు ఉన్నది గోలేటిలో, అది రెబ్బెన మండలం, ఇప్పుడు కుమ్రంభీం ఆసిఫాబాద్ జిల్లా! అంటే కంపెనీ లెక్కలో బెల్లంపల్లి, రెవెన్యూ లెక్కలో పక్క జిల్లా. బయటివాళ్ళు ఎవరైనా కంపెనీ నివేదిక తెచ్చుకుని మంచిర్యాల జిల్లాకు కలిపేశారనుకోండి, పూర్తిగా తప్పుదారి పడతారు. ఈ ముడి విప్పగలిగింది మీలాంటి గణాంకాల వాళ్ళే, కంపెనీకి ఆ అవసరం లేదు.

కంపెనీ ఊసు వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2024లో లాభాల వాటా ప్రకటించినప్పుడు పర్మనెంట్ కార్మికులకు సగటున 1 లక్షా 90 వేల చొప్పున వచ్చింది. కాంట్రాక్ట్ కార్మికులకు, వాళ్ళూ ఒక పాతిక వేలమంది ఉన్నారు, తలా 5 వేలు ఇచ్చారు, అదీ మొట్టమొదటిసారి. నేనిక్కడ న్యాయం అన్యాయం తేల్చబోవడం లేదు. ఇద్దరూ ఒకే గనికి పోతారు, ఒకే దుమ్ము మింగుతారు, మీరు రేపు 'సింగరేణి ఉపాధి' అని ఒకే అంకె వేస్తే ఇద్దరూ ఒకే గడిలో కూర్చుంటారు. దసరా ముందు బైకుల షోరూముకు పోయేది ఎవరో, పోనిది ఎవరో ఆ అంకె చెప్పదు. రకం వారీగా విడదీయండి అని మొదటే అన్నది ఇందుకే.

ఇప్పుడు మా చేతిలో ఉన్న లెక్కల సంగతి. రాష్ట్రం వచ్చాక మా బోటివాళ్ళు పట్టుకుని మాట్లాడే నిండు లెక్క ఒకటే, 2020 డిసెంబరు 31న బిస్వాల్ కమిషన్ ఇచ్చిన పీఆర్సీ (వేతన సవరణ) నివేదిక. మంజూరైన పోస్టులు 4,91,304, పనిచేస్తున్నవాళ్ళు 3,00,178, ఖాళీలు 1,91,126. నూటికి 39 కుర్చీలు ఖాళీ. ఆ అంకె బయటికి రాగానే ఎంత దుమారం రేగిందో మీకు గుర్తుండే ఉంటుంది. 2022 మార్చి 9న అసెంబ్లీలో 80,039 పోస్టుల ప్రకటన వచ్చింది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఒకటే తంతు: అధికారంలో ఉన్నవాళ్ళు ఇచ్చిన నియామక పత్రాల సంఖ్య చెబుతారు, ప్రతిపక్షంలో ఉన్నవాళ్ళు మిగిలిన ఖాళీల సంఖ్య చెబుతారు, కుర్చీలు మారితే మాటలు కూడా మార్చుకుంటారు. హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు అందుకున్నవాళ్ళలోంచి ఆ ఏడాది రిటైరైనవాళ్ళను తీసేస్తే నికరంగా మిగిలింది ఎంత, అది ఏ జిల్లాలో ఎంత అని అడిగితే ఇద్దరూ పక్క చూపులు చూస్తారు. ఆ నికరం నెలనెలా చెప్పే పని మీది.

దేశం మొత్తానికైతే ఒకప్పుడు ఒక ఏర్పాటు ఉండేది. 1959 నాటి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీల చట్టం కింద ప్రతి ప్రభుత్వ ఆఫీసూ, 25 మంది, ఆ పైన ఉన్న ప్రైవేటు సంస్థా మూడు నెలలకోసారి ఎంతమంది పనిచేస్తున్నారో రాసి పంపాల్సి ఉండేది. ఆ లెక్కల్లోంచే ప్రభుత్వ రంగ ఉపాధి 1997లో సుమారు 1 కోటీ 95 లక్షల దగ్గర శిఖరం తాకిందని, 2012 నాటికి 1 కోటీ 76 లక్షలకు దిగిందని తెలిసింది. ఆర్థిక సర్వే పట్టికల్లో 2012 తర్వాత ఆ గడి ముందుకు కదల్లేదు. ఆరో ఆర్థిక గణన 2013 నాటిది, ఏడోదానికి ఇంటింటికీ తిరిగారు గానీ ఫలితాలు బయటపెట్టలేదు. కేంద్రం ఉపాధి మీద చేసే పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వే 2025 జనవరి నుంచి జిల్లాను లెక్కలోకి తీసుకుని నమూనా తీస్తోంది, మంచిదే. కానీ అది నమూనా సర్వే, మా జిల్లాలో దొరికే కొన్ని ఇళ్ళను పట్టుకుని జన్నారం మండలంలో ఎంతమంది ఔట్‌సోర్సింగ్ వాళ్ళున్నారో చెప్పమంటే ఎక్కడ చెబుతుంది?

మీకు సర్వే అక్కర్లేదు, అసలు సంగతి అది. ప్రతి నెలా ప్రతి డీడీఓ (ఆఫీసు జీతాలు డ్రా చేసే అధికారి) బిల్లు పెడతాడు, సబ్ ట్రెజరీలో పాసవుతుంది, ఐఎఫ్‌ఎంఐఎస్ అనే ఆర్థిక శాఖ ఆన్‌లైన్ వ్యవస్థలో ఎంప్లాయీ ఐడీతో సహా నమోదవుతుంది. మనిషి ఏ ఆఫీసు, ఆఫీసు ఏ మండలం, అంతా అందులోనే ఉంది. ఇంటింటికీ టీచర్లను తిప్పే పని లేదు, (పాపం వాళ్ళు ఇప్పటికే తిరిగి తిరిగి అలిసిపోయారు) కొత్త యాప్ చేయించే పని లేదు. పేర్లు తీసేసి తలలు లెక్కపెట్టాలి. రెగ్యులర్ వాళ్ళు 010 పద్దులో, అంటే జీతాల పద్దులో, దొరుకుతారు. చాలామంది అక్కడితో ఆపేస్తారు, అక్కడే జిల్లా తప్పిపోతుంది. ఔట్‌సోర్సింగ్ డబ్బు 300 పద్దులో కాంట్రాక్ట్ సేవల కింద పోతుంది, అది ఏజెన్సీకి పోయే మొత్తం తప్ప మనుషుల సంఖ్య కాదు. సొసైటీలకు, గురుకులాలకు, యూనివర్సిటీలకు జీతాల కోసం ఇచ్చే గ్రాంటు 311లో పోతుంది. పంచాయతీలో చెత్త ట్రాక్టర్ నడిపే మల్టీపర్పస్ వర్కర్ జీతం పంచాయతీ ఖాతాలోంచి పోతుంది. నేను ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే గెస్ట్ లెక్చరర్‌ని, పీరియడ్ లెక్కన బిల్లు, సెలవుల్లో సున్నా. పిల్లలకు జాతీయాదాయం పాఠం చెప్పేది నేనే, ఆ జాతీయాదాయం లెక్కలో నేను ఏ గడిలో ఉన్నానో నాకే తెలియదు. ఏజెన్సీ బిల్లు పాసు చేసే ముందు మనుషుల సంఖ్య, పీఎఫ్ చలానా తప్పనిసరి అని ట్రెజరీ ఒక్క మాట అంటే చాలు, 300 పద్దు వెనకాల మనుషులు బయటికొస్తారు. వాళ్ళ పీఎఫ్ కట్టారో లేదో కూడా అప్పుడే తేలుతుంది, అది వేరే సంతోషం.

అంకె వేసినంత మాత్రాన నిజం చెప్పినట్టు కాదు కూడా. ఈ లెక్క ఎన్ని విధాలుగా బోల్తా కొట్టిస్తుందో మీకు నేను చెప్పేదేముంది, అయినా చదివే జనం కోసం కొన్ని చెబుతాను. 2021 మార్చిలో రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61కి పెంచారు. ఆ మూడేళ్ళూ వయసు మీరి రిటైరైనవాళ్ళు దాదాపు లేరు, 2024 మార్చి ఆఖరు నుంచి మళ్ళీ మొదలయ్యారు. కేవలం తలల సంఖ్య చూస్తే ఆ మూడేళ్ళు ఉపాధి నిలకడగా ఉంది, ఆ తర్వాత కిందికి జారింది అనిపిస్తుంది. నిజానికి అక్కడ ఆర్థిక వ్యవస్థలో ఏమీ కాలేదు, క్యాలెండర్ మారిందంతే. ఆర్టీసీనే తీసుకోండి. ఆంధ్రప్రదేశ్ 2020 జనవరి 1న అక్కడి ఆర్టీసీ వాళ్ళను ప్రభుత్వంలో కలిపేసింది, 50 వేల పైచిలుకు మంది తెల్లారేసరికి ప్రభుత్వ ఉద్యోగులు, ఒక్క కొత్త మనిషి చేరలేదు, ఒక్క బస్సు పెరగలేదు. మన దగ్గర 2023 ఆగస్టులో 43,373 మంది కోసం బిల్లు పాసు చేశారు. అది అమలైన నెలలో మీ పట్టికలో గీత ఒక్కసారిగా పైకి లేస్తుంది, కింద చిన్న అక్షరాల్లో కారణం రాయకపోతే ఎవరో ఒకరు దాన్ని ఫ్లెక్సీ కట్టించి చౌరస్తాలో పెడతారు.

తలల సంఖ్యతో పాటు చెల్లించిన మొత్తం కూడా వేయండి. 2020 మార్చి జీతం గుర్తుంది కదా, లాక్‌డౌన్‌లో చాలామంది ఉద్యోగులకు సగం జీతమే ఇచ్చి మిగతాది వాయిదా వేశారు. తలలు ఒక్కటీ తగ్గలేదు, మా బజారుకు వచ్చే డబ్బు మాత్రం తగ్గింది. అందుకు ఎదురుగా, 2021లో 30 శాతం ఫిట్‌మెంట్, అంటే జీతాల పెంపు, ఇచ్చినప్పుడు డబ్బు పెరిగింది, తలలు పెరగలేదు. ఒక్క గీత చూస్తే రెండుసార్లూ మోసపోతాం. ఇంకో గడి కూడా ఉంటే బాగుండు, ఏ తారీఖున పడింది అని. ఒకటిన పడే జీతానికీ పద్నాలుగున పడే జీతానికీ తేడా ఈఎంఐ కట్టేవాళ్ళకు, పాలవాళ్ళకు బాగా తెలుసు. అది మీ పరువుకు సంబంధించిన గడి కాబట్టి వేయరులెండి, అడిగి పెట్టుకుంటున్నాను.

జిల్లాల చీలిక ఇంకో తలనొప్పి. 2016 అక్టోబరు 11న పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. పాత ఆదిలాబాద్ నాలుగు ముక్కలైంది. ఉద్యోగులను 'ఆర్డర్ టు సర్వ్' అని చీటీ ఇచ్చి పంపారు, కాగితం మీద ఒక చోట, మనిషి ఇంకో చోట. తర్వాత 2021 డిసెంబరులో 317 జీవో వచ్చి సీనియారిటీ లెక్కన పంచింది, భార్య ఒక జిల్లా, భర్త ఇంకో జిల్లా అయిన కొంపలు మా దగ్గరే ఉన్నాయి. కాబట్టి 2016కు ముందు సంఖ్యలతో పోల్చాలంటే పాత జిల్లా హద్దుల్లో కూడా ఒక వరస వేయాలి, లేకపోతే కొత్త జిల్లాలన్నీ శూన్యంలోంచి పుట్టినట్టు ఉంటాయి. డెప్యుటేషన్లు సరేసరి. కోటపల్లి, వేమనపల్లి లాంటి మారుమూల మండలాల్లో పోస్టు మీద జీతం డ్రా అవుతుంటుంది, మనిషి పట్నంలో ఏదో ఆఫీసులో ఉంటాడు. బిల్లు పెట్టిన చోటు ఒక గడి, నిజంగా పనిచేసే చోటు ఇంకో గడి వేస్తే ఏ మండలం ఎంత మోసపోతోందో తేటతెల్లమవుతుంది.

పనిచేసే చోట కూడా కాదు, ఉండే చోట ఖర్చవుతుంది జీతం. టీచర్లలో చాలామంది పొద్దున మంచిర్యాలలో బస్సెక్కి మండలాలకు పోతారు, సాయంత్రం దిగి కూరగాయలు ఇక్కడే కొంటారు. మండలానికి ఉద్యోగం లెక్క, పట్టణానికి డబ్బు. అది తప్పని కాదు, కానీ మండలాన్ని 'ప్రభుత్వ ఉపాధి బాగున్న మండలం' అని రంగు వేసి మ్యాప్‌లో చూపిస్తే అక్కడి టీ కొట్టు వాడు నవ్వుతాడు. ఆఫీసు కిలోమీటర్ల లెక్కన జరిగినా అంతే. 2023 జూన్‌లో మా కొత్త కలెక్టరేట్ నస్పూర్‌లో మొదలైంది, ఆఫీసులన్నీ ఒకే కప్పు కిందికి వచ్చాయి, జనానికి అది మేలే. ఊళ్ళో ఆఫీసులు ఉన్నప్పుడు వాటి చుట్టూ బతికిన జిరాక్స్ సెంటర్, అర్జీలు రాసిపెట్టే పెద్దమనిషి, టిఫిన్ బండి, వీళ్ళల్లో కొందరు నస్పూర్ పోయారు, కొందరు పోలేక మూసుకున్నారు. జిల్లా మొత్తం సంఖ్యలో ఏ మార్పూ ఉండదు. మండలం దాకా విడదీస్తేనే ఈ కదలిక కనపడుతుంది.

ఇది ఎవరూ చేయని పని కాదు. అమెరికాలో కార్మిక గణాంకాల బ్యూరో మూడు నెలలకోసారి ప్రతి కౌంటీకీ (మన జిల్లా లాంటిది) ఫెడరల్, అంటే కేంద్ర, ఉద్యోగులు, రాష్ట్ర ఉద్యోగులు, స్థానిక సంస్థల ఉద్యోగులు అని విడివిడిగా సంఖ్యా, జీతమూ వేస్తుంది. సర్వే చేసి కాదు, నిరుద్యోగ బీమా కోసం ఆఫీసులు ఎట్లాగూ ఇచ్చే కాగితాల్లోంచే తీస్తుంది. 2025లో అక్కడ ఫెడరల్ ఉద్యోగాలు కోసేస్తున్నప్పుడు వర్జీనియాలో ఫెయిర్‌ఫాక్స్, లౌడన్ కౌంటీల్లో ఉండే మనవాళ్ళు, ఇళ్ళు కొన్నవాళ్ళు, ఫెడరల్ కాంట్రాక్టుల మీద ఐటీ ఉద్యోగం చేసేవాళ్ళు, తమ కౌంటీ ఎంతగా ప్రభుత్వం మీద ఆధారపడి ఉందో అంకెల్లో చూసుకోగలిగారు. టెన్షన్ తగ్గలేదు గానీ దేనికి టెన్షన్ పడాలో తెలిసింది. నస్పూర్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకుని అద్దెకిచ్చే మనిషికి ఆ మాత్రం కూడా తెలియదు.

మీ సొంత లెక్కకు కూడా ఇది పనికొస్తుంది. ప్రభుత్వ పాలన రంగానికి మార్కెట్ ధర ఉండదు కాబట్టి దాని విలువను అయిన ఖర్చుతో, అంటే ప్రధానంగా జీతాలతో, కడతారు. రాష్ట్రం మొత్తానికి వచ్చిన ఆ విలువను 33 జిల్లాలకు పంచి తలసరి ఆదాయం వేసి, రంగారెడ్డి పైన, మేమెక్కడో కింద అని ఏటా ర్యాంకులు ఇస్తారు. ఏ జిల్లాకు ఎంత పంచారో, ఏ తలల లెక్కన పంచారో జనం సరిచూసుకునే వీలుండాలి కదా. ర్యాంకు చూసి పథకాలు, గ్రాంట్లు మాట్లాడుకునే చోట ఇది చిన్న విషయం కాదు.

వ్యక్తుల వివరాలు బయటికి పోతాయనే అభ్యంతరం వస్తుందని తెలుసు. ఒక మండలంలో ఒక శాఖకు ఐదుగురి లోపు ఉంటే ఆ గడిలో సంఖ్య బదులు చుక్క పెట్టి, మండలం మొత్తంలో కలిపేయండి. నాకు ఎవరి పేరూ, ఎవరి జీతమూ అక్కర్లేదు, ఎవరికెంతో మా ఊళ్ళో ఎట్లాగూ అందరికీ తెలుసు.

బడ్జెట్ సమావేశాలప్పుడు మీరు తెచ్చే సోషియో ఎకనామిక్ ఔట్‌లుక్‌లో మొదటి పట్టిక వేయండి, అక్కడితో ఆపకుండా తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్‌లో నెలనెలా ఎక్కించండి. అన్ని జిల్లాలూ ఒకేసారి కుదరకపోతే పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలతో మొదలుపెట్టినా సరే, సింగరేణి ఏరియాల ముడి ఎట్లాగూ ఇక్కడే ముందు విప్పాలి. ఒక్కటే ప్రార్థన, స్కాన్ చేసిన పీడీఎఫ్ మాత్రం పెట్టకండి సార్, ఎక్సెల్‌లో ఇవ్వండి.

ఇట్లు,
మంచిర్యాల జిల్లా నుంచి ఒక గెస్ట్ లెక్చరర్